రంగంలో పోయిన దుద్దులు

గాజీ మునిగిన రాత్రికి నాకు ఆరేళ్లు. 1971 డిసెంబరు మూడో తారీఖు దాటి నాలుగులో పడింది. పాకిస్తాన్ జలాంతర్గామి ఒకటి విశాఖ తీరానికి వచ్చిందనీ, అక్కడే పేలి మునిగిపోయిందనీ ఆ రాత్రి ఊళ్లో ఎవరికీ తెలీదు. పెద్ద చప్పుడైందట. భూకంపమని ఒకరు, బాంబులని ఒకరు, కాలనీ అంతా వీధిలోకి వచ్చేసింది. ఇందులో నేను చూసిందెంతో, పెద్దవాళ్లు చెప్పగా విన్నదెంతో ఇప్పుడు విడదీయలేను.

ఒక్కటి మాత్రం నా కళ్లతో చూశాను. బ్లాకౌట్ అని దీపాలన్నీ ఆర్పేశారు. కిటికీకి గోనెపట్టా కట్టారు. పొయ్యిలో మిగిలిన నిప్పుల వెలుగులో మామ్మ ట్రంకుపెట్టె తీసి, ఒక పాత నూలు చీర బయటికి లాగి, పరపరా చింపుతోంది. అడ్డంగా కాదు, నిలువుగా, అన్నీ ఒకే వెడల్పులో. చింపిన పీలికని మోకాలి మీద పెట్టి అరచేత్తో దొర్లిస్తూ బిగించి చుట్ట చుడుతోంది. చూపు తలుపు మీద ఉంది, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

"అదేంటత్తమ్మా, బాగున్న చీరని!" అంది అమ్మ.

"ఎప్పుడేటవుతాదో. కట్లు కట్టాలంటే గుడ్డుండాల కదా," అంది మామ్మ.

తెల్లారేసరికి బిస్కెట్ల డబ్బా ఒకటి నిండిపోయింది. ఆ చుట్టలతో ఎవరికీ పని పడలేదు. పదిహేడో తారీఖుకల్లా యుద్ధమే అయిపోయింది. అమ్మ మాత్రం ఆ చీర గురించి చాలా ఏళ్లు సాధించింది.

మాది కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు. విశాఖవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తున్నాను. 1962లో నె విన్ అనే జనరల్ బర్మాలో అధికారం పట్టుకున్నాక దుకాణాలూ మిల్లులూ ప్రభుత్వపరం చేసేశాడు. అక్కడ రెండు మూడు తరాలుగా బతుకుతున్న మనవాళ్లు ఓడలెక్కి వచ్చేయాల్సి వచ్చింది. మావాళ్లు 1965లో విశాఖ రేవులో దిగారు. దిగిన మూడు నెలలకి నేను పుట్టాను. "కడుపులో ఉండగానే సముద్రం దాటీసింది, అందికే దీనికి కాలు నిలవదు," అనేది మామ్మ నా గురించి.

మా ఉత్తరాంధ్రలో రంగూన్‌ని రంగం అంటారు. కాకినాడ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి ఒకప్పుడు పొలోమని రంగం పోయారు జనం. బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలికి. కోరంగి రేవు పేరు మీద అక్కడి తెలుగువాళ్లని కోరంగీలు అనేవారట. ముద్దుగా అన్న మాట కాదది. మామ్మ అక్కడే 1928లో పుట్టింది. వాళ్ల నాన్న బియ్యం మిల్లులో తూకాలు రాసే గుమాస్తా.

క్యాంపులో మా పిల్లలందరికీ బర్మా అంటే రెండే. ఒకటి ఖౌస్వే, అంటే నూడిల్స్. రెండోది తనఖా. తనఖా అంటే మాకు తాకట్టు కాదు. గంధపు చెక్కలాంటి చెక్క. సానరాయి మీద అరగదీసి చెంపలకి పట్టించేవారు. బడిలో మాస్టారు "ఇల్లు తనఖా పెట్టి" అని పాఠం చెప్తుంటే మా బర్మా పిల్లలమంతా ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకునేవాళ్లం, ఇల్లంతటికీ ఎందుకు పట్టిస్తారా అని.

మామ్మ రోజూ తనఖా రాసుకునేది. మెడలో నల్లపూసలు, చేతులకి రెండు గాజులు. చెవులకి మాత్రం ఏమీ ఉండేవి కాదు. కుట్టిన బెజ్జాలు కూడా దాదాపు పూడుకుపోయాయి. పేరంటాలకి వెళ్తే ఆడవాళ్లు చూసేది ముందు అదే. ఎవరైనా అడిగితే, "నా దుద్దులు రంగంలో ఉండిపోనాయమ్మా" అనేది. వచ్చేటప్పుడు అక్కడి వాళ్లు బంగారం తెచ్చుకోనివ్వలేదని క్యాంపులో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ రెండో ప్రశ్న వేసేవారు కాదు. మేమూ అలాగే అనుకున్నాం. ముప్ఫై ఏడేళ్లు అలాగే అనుకున్నాం.

2002 జూలైలో రాష్ట్రపతి ఎన్నికలొచ్చాయి. అబ్దుల్ కలాం గారి మీద వామపక్షాల తరఫున లక్ష్మీ సెహగల్ పోటీ చేశారు. ఆవిడ ఓడిపోతారని అందరికీ తెలిసిందే. పేపర్లో ఆవిడ ఇప్పటి ఫోటో పక్కనే పాతది కూడా వేశారు, ఖాకీ బట్టలు, టోపీ, తుపాకీ పట్టిన ఆడపిల్లల వరస ముందు నిలబడి. నేను ఆ ఆదివారం పుట్టింటికి వెళ్లి ఉన్నాను. అరుగు మీద కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తున్నాను. మామ్మకి అప్పటికి 74 ఏళ్లు, పేపరు ముక్కుకి ఆనించి చదివేది.

"ఈ టోపీ నాకూ ఉండీది," అంది.

పొలాల్లో కట్టుకునే తలగుడ్డ గురించి చెప్తోందేమో అనుకుని ఊఁ అన్నాను.

"ఇలాగ ఏటవాలుగా ఎట్టుకోవాల. జుత్తు కత్తిరించీసేరు కదా, నిలవదు. జారిపోతాదని పిన్నీసులు ఎట్టీవోలం."

అప్పుడు తలెత్తి చూశాను.

ఆ రోజు అంతకంటే ఎక్కువ చెప్పలేదు. బీరకాయ చెక్కుతో పచ్చడి చెయ్యమని చెప్పి లోపలికెళ్లి పడుకుంది. మిగతాదంతా నాలుగేళ్లలో ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఒక్కో ఆదివారం ఒక్కో ముక్క. మధ్యలో పాలవాడు వచ్చేవాడు, సీరియల్ వచ్చేది, మామ్మకి నిద్ర వచ్చేది. ఇక్కడ వరసలో రాస్తున్నాను గానీ, నేను విన్నది వరసలో కాదు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగం మీద మొదటిసారి బాంబులు వేశాయి. జనం భయపడి దాక్కోలేదట. వీధుల్లోకి వచ్చి తలలెత్తి వేడుక చూశారట. అందుకే అంతమంది పోయారు. ఆ తర్వాత మొదలైంది నడక. అరకాన్ కొండల మీదుగా కొందరు, మణిపూర్ వైపు కొందరు, లక్షల మంది ఇండియాకి నడిచారు. దారిలో కలరా, మలేరియా, ఆకలి. మామ్మ వాళ్ల పక్కింటివాళ్లు కూడా వెళ్లారు. వాళ్లు ఊరు చేరారో లేదో చివరిదాకా తెలీలేదు. వీళ్లు ఎందుకు ఆగిపోయారంటే మామ్మ వాళ్లమ్మకి నెలలు నిండాయి. "నొప్పులు ఎప్పుడొస్తాయో తెల్దు, కొండలెక్కుతామా?" అంది మామ్మ, నేనేదో వాళ్లని తప్పు పట్టినట్టు.

మార్చిలో జపాన్ వాళ్లొచ్చారు. వంగి దండం పెట్టకపోతే చెంప మీద కొట్టేవారట. బడి మూసేశారు. జపాన్ వాళ్ల నోట్లు చెలామణిలోకి వచ్చాయి, మన రూపాయి లెక్కలోనే. యుద్ధమయ్యాక అవి చిత్తుకాగితాలయ్యాయి. మా నాన్న చిన్నప్పుడు వాటితో దుకాణం ఆట ఆడుకున్నాడట.

1943 జూలైలో సుభాస్ చంద్రబోస్ సింగపూర్ వచ్చారు. ఆడవాళ్ల పటాలం కావాలన్నారు. పదో రోజుకల్లా, జూలై 12న, ఇరవై మంది ఆడపిల్లలు రైఫిళ్లు పట్టి ఆయనకి గౌరవ వందనం ఇచ్చారు. వాళ్లని తయారు చేసింది డాక్టర్ లక్ష్మీ స్వామినాథన్. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి సింగపూర్‌లో ప్రాక్టీసు పెట్టుకున్న మనిషి. తర్వాతి కాలంలో సెహగల్ అయింది ఆవిడే. అక్టోబరు 22న సింగపూర్‌లో శిబిరం తెరిచారు. పేరు ఝాన్సీ రాణి రెజిమెంటు. చేరినవాళ్లలో ఎక్కువమంది మలయా రబ్బరు తోటల్లో పనిచేసే తమిళ కూలీల ఆడపిల్లలు. ఝాన్సీ ఎక్కడుందో కాదు, ఇండియా ఎలా ఉంటుందో కూడా చూడనివాళ్లు. దేశాన్ని చూడకుండా దేశం కోసం తుపాకీ ఎత్తుకోవడం ఏమిటో నాకు ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టదు. మామ్మని అడిగితే, "మన ఊరు మనకి అయ్య సెప్పిన కతల్లో ఉండీది. అది సాలదేటి?" అంది.

1944 జనవరిలో నేతాజీ పెట్టిన ఆజాద్ హింద్ ప్రభుత్వం రంగానికి మకాం మార్చింది. సభలు మొదలయ్యాయి. దుద్దుల కథ అక్కడిది.

కౌలాలంపూర్‌లో జానకి తేవర్ అనే అమ్మాయి నేతాజీ సభకి సైకిలు మీద వెళ్లి, ప్రసంగం విని, ఒంటి మీది నగలు వలిచి ఇచ్చేసింది. మర్నాడు పేపర్లో ఫోటో చూసి ఇంట్లోవాళ్లు అదిరిపోయారు. ఆవిడ తర్వాత రెజిమెంటులో లక్ష్మి గారి తర్వాతి స్థానానికి ఎదిగింది. ఇది నేను ఎక్కడో చదివి, మామ్మ కథ కూడా ఇలాగే ఉంటుందని ఎదురు చూశాను.

"నాకు ఇవ్వాలని నేదే గుంటా," అంది మామ్మ. "పక్కన కూకున్న పంజాబీ పిల్ల తీసి ఇచ్చీసింది. ఈ పక్కన ఇంకో ఆవిడ గాజులు ఇచ్చీసింది. మద్దిన నేను ఒక్కర్తినీ దుద్దులెట్టుకుని కూకుంటే బాగుంటాదేటి? తీసీసేను. ఒకటి ఊడలేదు. మరలు బిగిసిపోనాయి. చెవి చిరిగి నెత్తురు కూడా వచ్చింది."

ఇంటికెళ్లాక వాళ్లమ్మ వీపు చీరేసిందట. అర తులం బంగారం, పెళ్లికి ముందు.

మరి అంత ఇష్టం లేకుండా దుద్దులిచ్చిన పిల్ల పటాలంలో ఎందుకు చేరింది? దీనికి మామ్మ ఒక్కోసారి ఒక్కో జవాబు చెప్పింది. ఒక ఆదివారం నేతాజీ గొంతు గురించి చెప్పింది. మాటలు సగం అర్థం కాలేదట, హిందుస్తానీ కదా, కానీ కూర్చోలేకపోయిందట. ఇంకో ఆదివారం, "ఇంట్లో ఉంటే పెళ్లి సేసీవోరు, ముప్పై ఏళ్లోడికి," అంది. ఇంకోసారి, "అక్కడ రెండు పూటలా అన్నం ఎట్టీవోరు," అంది. మూడూ నిజమేనని నా నమ్మకం.

చేరాలంటే తండ్రి సంతకం కావాలి. వాళ్ల నాన్న వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు మిల్లు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, కలం తెమ్మన్నాడు. ఎందుకు మనసు మార్చుకున్నాడో మామ్మ అడగలేదు, ఆయన చెప్పలేదు.

శిబిరంలో మొదటిరోజే జడ తీసేశారు. వాళ్లమ్మ అడిగి ఆ జడ ఇంటికి తెచ్చుకుని సవరం చేసి దాచింది. ఆ సవరం మామ్మ పెళ్లికే పనికొచ్చింది.

తెల్లవారుజామున లేచి డ్రిల్లు. చుట్టూ ముళ్లకంచె, గేటు దగ్గర కాపలా కూడా ఆడపిల్లలే. హుకుంలన్నీ హిందుస్తానీలో. సావధాన్, విశ్రామ్, దాయే ముడ్. హిందుస్తానీని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి నేర్పేవారు. మామ్మకి ఇంగ్లీషు అక్షరాలు అంతంతమాత్రం. అందుకని రాత్రిళ్లు చాటుగా తెలుగులో రాసుకుని బట్టీ పట్టేది. పక్క మంచం తమిళ పిల్ల తమిళంలో రాసుకునేదట. ఒకళ్ల పుస్తకం ఒకళ్లకి అర్థమయ్యేది కాదు గానీ మర్నాడు ఇద్దరూ కుడివైపుకే తిరిగేవారు. కనపడినవాళ్లకల్లా జైహింద్ చెప్పడమే. ఆ మాట పుట్టించింది మన హైదరాబాదు మనిషి ఆబిద్ హసన్ అంటారు. జర్మనీ నుంచి నేతాజీతో పాటు జలాంతర్గామిలో వచ్చినవాడు. అది మామ్మకి చెప్తే, "అలాగేటి, మనోడేనా!" అని చాలా సంబరపడింది. బంధువెవరో కలెక్టరయినట్టు.

రైఫిలు నాలుగు కిలోల పైమాటే. పేల్చినప్పుడల్లా భుజం మీద తన్నేది. నెల తిరిగేసరికి మామ్మని నర్సుల వైపు వేశారు. ఝాన్సీ రాణి రెజిమెంటులో నర్సుల విభాగానికి చాంద్ బీబీ పేరు పెట్టారు. అక్బరు సైన్యం మీదికొస్తే అహ్మద్‌నగర్ కోట గోడ మీద నిలబడి పోరాడిన సుల్తానా ఆవిడ. కత్తి పట్టిన మనిషి పేరు నర్సులకి ఎందుకు పెట్టారో అని నాకు అనుమానం వచ్చింది. మామ్మకి రాలేదు. వార్డులోకి వెళ్లాక తనకి అర్థమైందంది.

వార్డు గురించి మాత్రం మామ్మ తొందరగా చెప్పేది కాదు. చెప్పినప్పుడు నెమ్మదిగా, ఒక్కొక్క పని పేరు పెట్టి చెప్పేది.

1944 వేసవిలో ఇంఫాల్ దగ్గర ఇంగ్లీషువాళ్ల మీద నేతాజీ ఫౌజూ జపాన్ వాళ్లూ చేస్తున్న యుద్ధం చెడింది. జూలైలో వెనక్కి రమ్మన్నారు. అది కుండపోత వానల కాలం. తూటా తగిలి వచ్చినవాళ్లు తక్కువ. మలేరియా, రక్తవిరేచనాలు, కాళ్ల వాపు, పుళ్లు, వీటితో వచ్చినవాళ్లే ఎక్కువ. "మనుసులు కారు, తడిసిన కర్రలు," అంది మామ్మ. లక్ష్మి గారు పైన మేమ్యోలో ఆసుపత్రి పని చూస్తున్నారు. రంగం ఆసుపత్రికి రైళ్ల మీదా పడవల మీదా తెచ్చేవారు. క్వినైను సరిపోయేది కాదు. కట్టు గుడ్డ అసలే లేదు. వాడిన కట్లు విప్పి, ఉడకబెట్టి, ఎండేసి, మళ్లీ చుట్టేవారు. చుట్ట వదులుగా ఉంటే కట్టేటప్పుడు జారిపోతుంది, రోగికి నొప్పి. అందుకని మోకాలి మీద దొర్లించి బిగించాలి. రోజుకి ఒక్కొక్కళ్లూ వంద చుట్టలు. లుంగీలు చింపారు, దోమతెరలు చింపారు. మామ్మ తన ఓణీ కూడా చింపేసింది. వానలో బట్ట ఎండకపోతే వంటగదిలో పొయ్యి చుట్టూ దండెం కట్టి ఆరబెట్టేవారు. పొగ వాసన వచ్చేది ఆ కట్లు.

పదహారేళ్ల పిల్ల అప్పటిదాకా పరాయి మగవాడి ముందు నిలబడి మాట్లాడి ఎరగదు. మొదటిరోజు ఒక సిపాయికి ఒళ్లు తుడవమన్నారు. "తల తిప్పీసుకుని తుడిసేను. పెద్ద సిస్టరు వెనకనించి వచ్చి నా తల పట్టుకుని ఇటు తిప్పింది. సూడకపోతే పుండు ఎక్కడుందో ఎలగ తెలుస్తాది అంది."

ఒక సిపాయి బొబ్బిలి వైపు వాడట. జ్వరం మీద అందరితోనూ తెలుగులోనే మాట్లాడేవాడు, ఎవరికీ అర్థం కాక పిచ్చి పట్టిందనుకున్నారు. మామ్మ వెళ్లి వింటే వాడు అడిగేది చోడంబలి. మిగతా జిల్లాలవాళ్లకి రాగిజావ అంటే తెలుస్తుంది. రంగంలో చోళ్లెక్కడివి? గంజిలో ఉప్పేసి ఇచ్చి ఇదే చోడంబలి అంది. ఒక గుక్క తాగి, "నువ్వు మా ఊరోళ్ల పిల్లవి కావు," అన్నాడట. ఆ తర్వాత రోజూ అదే పోట్లాట. కట్టు విప్పేటప్పుడు, "నువ్వు నర్సువా, తోలు వలిసే మనిసివా?" అని తిట్టేవాడట. మామ్మ ఈ కథ చెప్పేటప్పుడు నేను వాడు చచ్చిపోతాడని భయపడుతూ విన్నాను. చావలేదు. కర్ర పట్టుకుని నడిచి వెళ్లిపోయాడు. పోతూ పోతూ జైహింద్ కూడా చెప్పలేదని మామ్మకి యాభై ఎనిమిదేళ్ల తర్వాత కూడా కోపం ఉంది.

పోయినవాళ్ల సంగతి అడిగాను. "అవి సెప్పను," అంది. ఎప్పుడూ చెప్పలేదు.

1945 ఏప్రిల్ నాటికి ఇంగ్లీషువాళ్లు రంగం దగ్గరికి వచ్చేశారు. 24న నేతాజీ ఊరు వదిలారు. బర్మాలో ఇళ్లున్న ఆడపిల్లల్ని ఇళ్లకి పంపేశారు. మలయా నుంచి వచ్చినవాళ్లని మాత్రం తనతో పాటే థాయ్‌లాండ్ వైపు నడిపించుకుని తీసుకెళ్లారు. పగలు విమానాల భయం, రాత్రిళ్లు నడక. పిల్లలు నడుస్తుంటే తాను కారెక్కనని ఆయనా నడిచారు, కాళ్లు బొబ్బలెక్కాయి. అంతకు ముందే ఒక జట్టు రైల్లో వెళ్తుంటే దారిలో కాల్పులు జరిగి స్టెల్లా, జోసెఫీన్ అనే ఇద్దరు చనిపోయారు. ఇవన్నీ మామ్మ చూసినవి కావు, చాలా ఏళ్ల తర్వాత నేను చదివి మామ్మకి చెప్పినవి. ఆ రెండు పేర్లు రెండుసార్లు చెప్పించుకుంది. "ఏ వార్డోలో?" అంది. వార్డులో కాదు మామ్మా, సిపాయిలు అన్నాను. ఆ పూట భోజనం దగ్గర ఎవరితోనూ మాట్లాడలేదు.

మామ్మ ఇంటికొచ్చిన రాత్రే వాళ్లమ్మ ఖాకీ బట్టలు పొయ్యిలో పెట్టేసింది. తెలుగులో హుకుంలు రాసుకున్న పుస్తకం కూడా. ఇంగ్లీషువాళ్ల సోదాలంటే అంత భయం. టోపీ మాత్రం మందం గుడ్డ కదా, కాల్చబుద్ధి కాలేదట ఆవిడకి. రెండు ముక్కలు చేసి మసిగుడ్డగా వాడింది. ఒక ఏడాది పాటు మా ముత్తవ్వ గంజి వార్చింది ఆజాద్ హింద్ ఫౌజు టోపీతో.

1947లో మామ్మకి పెళ్లయింది. పటాలంలో ఉన్న పిల్లని తెలిస్తే సంబంధం రాదని ఇంట్లో అందరూ నోరు మూసుకున్నారు. మగవాళ్ల ఒళ్లు తుడిచిన చేతులు కదా. తాతకి ఎప్పుడు చెప్పావని అడిగాను.

"పదేళ్లయ్యాక. అన్నం వడ్డిస్తా సెప్పీసేను."

"ఏమన్నాడు?"

"సర్లే గానీ పులుసులో ఉప్పు తగ్గింది అన్నాడు."

తాత మంచివాడా కాదా అని నేను దీన్ని బట్టి తేల్చుకోలేకపోయాను. మామ్మ మాత్రం నవ్వింది.

2003లో నాకు పట్టుదల వచ్చింది. స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ ఉంది కదా, ఎందుకు వదులుకోవాలి? అప్పటికి తాత లేడు, నాన్న రిటైరయ్యాడు. మామ్మని ఆటోలో కూర్చోబెట్టుకుని ఒక ఆఫీసుకి తీసుకెళ్లాను. రూలు ప్రకారం కనీసం ఆరు నెలలు జైల్లో ఉండాలి, ఆడవాళ్లకైతే మూడు నెలలు. దానికి కాగితం, లేదంటే అదే జైల్లో ఉన్నవాళ్ల సాక్ష్యం.

"ఏ జైల్లో ఉన్నావు మామ్మా?" అన్నాడు గుమాస్తా. కుర్రాడు, మర్యాదగానే అడిగాడు.

"జైలుకి ఎల్లకుండానే ఇంటికి పంపీసేరు బాబూ."

"మరి సాక్షులెవరైనా?"

మామ్మ కాసేపు ఆలోచించింది. "బొబ్బిలోడు ఒకడున్నాడు. పేరు తెల్దు," అంది.

ఆ కుర్రాడు నా వైపు చూశాడు. నేను కాగితాలు సంచిలో పెట్టుకున్నాను. నాకు లోపల మండిపోయింది. ఆడపిల్లలు పట్టుబడకుండా క్షేమంగా ఇల్లు చేరాలనే కదా అప్పుడు పంపేశారు? క్షేమంగా చేరినందుకే ఈ దేశం లెక్కలో లేకుండా పోయారు. ఆటోలో నేను ఇలా గొణుగుతుంటే మామ్మ, "పూర్ణామార్కెట్ కాడ ఆపమను, చేపలు కొందాం," అంది. ఆ రోజు వంజరం తిన్నాం.

తెలంగాణ సాయుధ పోరాటంలో పోరాడిన మల్లు స్వరాజ్యం గారిని టీవీలో చూసినప్పుడల్లా నాకు మామ్మే గుర్తొచ్చేది. ఆవిడ మామ్మ కంటే మూడేళ్లు చిన్న. ఆడపిల్ల దళాన్ని నడిపిందని, తల మీద పదివేల వెల పెట్టారని ఆవిడ చెప్తుంటే గొంతు ఖంగుమనేది. 2022 మార్చిలో పోయారు. లక్ష్మి గారు 2012 జూలై 23న కాన్పూర్‌లో పోయారు. 1971లో కలకత్తాలో శరణార్థులకి వైద్యం చేశారు, భోపాల్ గ్యాస్ ప్రమాదమప్పుడు అక్కడికి వెళ్లారు, తొంభై దాటాక కూడా రోగుల్ని చూశారు. చివరికి దేహాన్ని కూడా మెడికల్ కాలేజీకే ఇచ్చేశారు. వీళ్లకి చెప్పుకోవడానికి కథ ఉంది, చెప్పగల గొంతు ఉంది. మామ్మకి అంత పెద్ద గొంతు లేదు. "నేను యుద్దం సెయ్యలేదే. గుడ్డలు ఉతికేను," అనేది. నేను వాదించేదాన్ని. ఇప్పుడైతే వాదించేదాన్ని కాదేమో, ఎలా ఉతికారో ఇంకా వివరంగా అడిగేదాన్ని.

2006లో మామ్మ మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సమ్మాయి, మలయాళీ పిల్ల, చేతికి గుడ్డ చుడుతోంది. మామ్మ చూసి చూసి, ఆగలేక, రెండో చేత్తో ఆ చుట్ట లాక్కుని, పక్కమీద మోకాలు ఎత్తి, దాని మీద దొర్లించి బిగించి తిరిగి ఆ పిల్ల చేతిలో పెట్టింది. ఆ పిల్ల ఏమీ అనలేదు. మళ్లీ మొదటినుంచి చుట్టింది. మర్నాడు పొద్దున్న డ్యూటీకి రాగానే తిన్నగా మామ్మ మంచం దగ్గరికే వచ్చి, ఇంకోసారి చూపించమని సైగ చేసింది. ఇద్దరికీ ఒక్క భాష కూడా కలవదు.

ఆ ఏడాది చివర్లోనే మామ్మ పోయింది. పెట్టె సర్దుతుంటే తనఖా చెక్క, తాత కళ్లజోడు, బిస్కెట్ల డబ్బా దొరికాయి. చీర పాతబడినప్పుడల్లా చింపి చుట్టి అందులో వేస్తూనే ఉండేదన్నమాట. అమ్మ ఆ డబ్బా పడేద్దామంది. నేను తెచ్చుకున్నాను.

2020 మార్చిలో మా వీధి మెడికల్ షాపులో మాస్కులు అయిపోయాయి. కుట్టుమిషను తీసి నేనే కుట్టడం మొదలుపెట్టాను. పాత దుప్పటి ముక్కలు దొరికాయి గానీ చెవులకి తగిలించే ఎలాస్టిక్ దొరకలేదు. వెనక్కి ముడేసుకోడానికి నాడాలు కావాలి. అటక మీంచి డబ్బా దించాను. పదకొండు చుట్టలున్నాయి. నాలుగు విప్పాను. సన్నగా కత్తిరిస్తే ఇంట్లోవాళ్లకీ, పక్క రెండు వాటాలవాళ్లకీ సరిపోయాయి. మిగిలిన ఏడూ అలాగే ఉన్నాయి, ఒక్కటీ వదులవలేదు.